గుమ్మగుడ బడికి ప్రారంభోత్సవం

గుమ్మగుడ బడికి కప్పు పోయిన రోజున లక్ష్మణరావు మాస్టారు పిల్లలచేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నారు. ఏడు ఎనిమిదుల దగ్గర గాలి లేచింది. ఏడు తొమ్మిదుల దగ్గర కప్పు లేచింది. గడ్డీ వాసాలూ కలిసికట్టుగా వెళ్లి లోయలో పడ్డాయి. పిల్లలెవరికీ దెబ్బ తగల్లేదు. మాస్టారు ఏడు పదులు డెబ్బై అని ముగించి, పిల్లల్ని ఇళ్లకు పంపి, పైవారికి అర్జీ రాశారు. అది 1955వ సంవత్సరం, కార్తీకమాసం.

మర్నాడే ఊరివాళ్లు గడ్డి కోసి తెచ్చారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగారు వద్దని రాశారు. సర్కారు బడి మీద సర్కారే చెయ్యి వెయ్యాలి గాని ప్రజలు వెయ్యరాదు. దానికి తోడు మరో మాట కూడా రాశారు: తొలకరి నాటికి కప్పు లేకపోతే దాన్ని బడిగా గుర్తించరు, మాస్టారిని హుకుంపేటకు మారుస్తారు. హుకుంపేట రెండు కొండల అవతల. అంత దూరం నడిచి చదువుకునే పిల్లలు గుమ్మగుడలో లేరు.

అందుచేత, చైత్రమాసంలో శాసనసభ్యులు ధనరాజుగారు "పాఠశాల నిధుల విషయమై ప్రజలకు స్వయముగా నివేదిక సమర్పింతురు" అని కబురు రాగానే మాస్టారు ఉతికిన పంచె కట్టుకుని ఊరి మొగలో నిలబడ్డారు.

ధనరాజుగారు సామాన్యులు కారు. ఎన్నికైన ఏడాదిలో పదకొండు నివేదికలు సమర్పించారు. ఒకసారి గెడ్డ ఒడ్డున నిలబడి, కట్టబోయే వంతెన గురించి మధ్యాహ్నందాకా మాట్లాడారు. ఈలోగా గెడ్డలో నీళ్లు తగ్గిపోయాయి. జనం నడిచి దాటి ఇళ్లకు పోయారు. వంతెన అవసరం లేకుండా చేసిన దీక్షాదక్షుడని పత్రికలో వచ్చింది. ఆ పత్రికకు రాసేది ఆయన అనుచరుడు పైడయ్యే.

అయితే ఆయన వచ్చిన రోజు కొండవాళ్ల వేట పండుగ అయిన ఇటుకల పండుగ నడుమ పడింది. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి వాసం అడ్డం పెట్టి కాపు కాస్తారు. వేట తెచ్చినవాడికి పాటలు, ఆటలు. ఉత్త చేతులతో వచ్చినవాడికి పేడనీళ్లు. ఇందులో పెద్దా చిన్నా లేదు. ముందురోజు ఊరికి పెద్ద అయిన నాయుడు సోంబరు కూడా తడిసే ఇంటికి వెళ్లాడు.

జీపు వాసం దగ్గర ఆగింది. కాపు కాస్తున్న ఆడవాళ్లలోంచి నీలవేణి చంకన పేడనీళ్ల కుండతో ముందుకొచ్చింది.

"ఎక్కడికెల్లొస్తన్నావు బాబూ?"

"కర్నూలు తల్లీ. అసెంబ్లీకి వెళ్లొస్తున్నాను."

"ఏటి తెచ్చినావు?"

ధనరాజుగారు జీపులో లేచి నిలబడ్డారు. "మీ బడికి కప్పు! శాంక్షన్ చేయించాను!"

ఆడవాళ్లు జీపు వెనక్కి వెళ్లి చూసి వచ్చారు.

"నేదే!"

"ఇంకా ఫైల్లో ఉందమ్మా."

"ఫైలేదీ?"

"సెక్రటేరియట్‌లో ఉంది."

"అంటే అడివిలోనే ఉన్నాదన్నమాట," అంది వెనకనుంచి కనక అనే ఆవిడ. "మా ఇంటాయనా రోజూ అదే సెప్తాడే. దుప్పి కనపడినాదట, బాణం తగిలినాదట, దుప్పి మాత్రం అడివిలోనే ఉన్నాదట."

"నిజంగా తగిలిందమ్మా!" అన్నారు ధనరాజుగారు. "మంత్రిగారు తల కూడా ఊపారు."

"తగిల్తే తోకైనా తేవాల గదా?" అంది నీలవేణి.

మాస్టారు కల్పించుకున్నారు. "అమ్మా, వారు మన శాసనసభ్యులు."

"నువ్వూరుకో మాస్టరూ. నీకు పండగ తెల్దు."

ధనరాజుగారు సైగ చేశారు. పైడయ్య సీటు కిందనుంచి ఒక నాపరాయి పలక లాగాడు. 'గుమ్మగుడ పాఠశాలా భవనము శ్రీ ధనరాజుగారి అమృత హస్తములచే ప్రారంభింపబడినది' అని చెక్కి ఉంది.

నీలవేణి రాతిని వేలితో తట్టి చూసింది. "ఇది ఉడుకుతాదా?"

"ఇది గోడకు పెట్టేదమ్మా."

"గోడలున్నాయి గదా. పైనే నేదు."

ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. రాయి బరువుగానే ఉంది గనక దాన్ని వేట కింద జమకట్టి, కప్పు చూపించి వెళ్లాలన్న షరతు మీద వాసం ఎత్తారు.

ధనరాజుగారు బడి గుమ్మానికి పైడయ్య కట్టిన రిబ్బను కత్తిరించారు. లోపలికి వెళ్లి చాలాసేపు ఆకాశంలోకి చూశారు. "ఇంత గాలీ వెలుతురూ ఢిల్లీ బడుల్లో ఉన్నాయా?" అని అడిగారు. ఢిల్లీ బడులు చూసినవాళ్లు అక్కడ లేకపోవడంవల్ల ఎవరూ కాదనలేదు. పైడయ్య ఒక్కడే చప్పట్లు కొట్టాడు. మాస్టారు మర్యాద కోసం కలిశారు.

బయటికి రాగానే నీలవేణి ఎదురొచ్చింది. "కప్పేది?"

"కంటితో చూడకూడదమ్మా. ప్రణాళిక దృష్టితో చూడాలి."

నీలవేణి కుండ ఎత్తింది. మిగతా కుండలూ లేచాయి.

'కొండజాతి మహిళలు తమ ఆచారము ననుసరించి శాసనసభ్యులవారిని గోమయ జలముతో అభిషేకించిరి. వారి కన్నులు చెమ్మగిల్లినవి' అని పైడయ్య రాశాడు. చెమ్మగిల్లిన మాట నిజమే. కంట్లో పడింది.

ప్రారంభోత్సవం వార్త పడిన ఆ పత్రికను చంకలో పెట్టుకుని ఇన్‌స్పెక్టరుగారు జ్యేష్ఠంలో వచ్చారు. చినుకులు మొదలవుతున్నాయి. ఆయన బడి మధ్యలో గొడుగు వేసుకుని నిలబడి, 'భవనము పూర్తి అయినది. కప్పు బాగున్నది' అని రాసి సంతకం చేశారు.

"బడి ఎక్కడికీ పోదు మాస్టారూ. సంతోషమేనా?"

"సంతోషమేనండి. ఊరివాళ్లు మళ్లీ గడ్డి కోసి తెచ్చారు. వేయించమంటారా?"

"ఉన్న కప్పు మీద ఇంకో కప్పా? రూల్సు ఒప్పుకోవండీ."

"ఉన్న కప్పు ఎక్కడుందండీ?"

ఇన్‌స్పెక్టరుగారు పత్రిక విప్పి చూపించారు. మీద నాలుగు చినుకులు పడగానే, తడుస్తుందని మళ్లీ మడిచి చంకలో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం తొలకరి పడింది. గుమ్మగుడ బడికి కప్పు ఇంకా వెయ్యవలసి ఉంది.