వెలాఫి టోపీలో మూడు ఎర్ర ఈకలు

గురువారం పొద్దున లజ్వానె పెట్టుకున్న పనులు మూడే. భర్త గోధుమరంగు సూటు ఇస్త్రీ చేయించాలి, టోపీ దులిపించాలి, రెండింటినీ పట్నం ఆస్పత్రిలో శవాల గదికి పంపించాలి. శుక్రవారం మనిషి ఇంటికి వస్తాడు. శనివారం తెల్లవారుతూనే పశువుల దొడ్డి వెనక, పదకొండేళ్ళ కిందట పోయిన కొడుకు పక్కన పడుకుంటాడు. అతని పక్కన మిగిలిన చోటు ఆవిడది. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో వెలాఫి దేనికీ పెద్దగా పట్టుబట్టలేదు గానీ, ఈ ముగ్గురి వరస మాత్రం నేల మీద కర్రతో గీసి మరీ చెప్పాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఈ పనుల్లో ఒక్కటీ ఆవిడ చేత్తో చేయడానికి లేదు. మొగుడు పోయిన మనిషి చాప మీద గోడవైపు తిరిగి కూర్చోవాలి. గడప దాటకూడదు. మగవాళ్ళు పంచాయితీ చేసే దొడ్డి ఛాయలకు పోకూడదు. ఏం చెప్పాలన్నా పక్కింటి ఫికిలె చేత చెప్పించాలి. ఫికిలె మంచి మనిషే, కాకపోతే పరుగెత్తుకుంటూ వెళ్ళేటప్పుడు సగం మాట దారిలో పడేసుకుంటుంది.

టోపీ దులిపే పని మరిది ఎనొక్ మీద పడింది. వెలాఫి తల్లి ఒకప్పుడు ఆరో నెల కడుపుతో వచ్చి ఎనొక్ వాళ్ళ ఇంట్లో తలదాచుకుంది. బిడ్డ తండ్రి పేరు చచ్చేదాకా చెప్పలేదు. అలా ఇద్దరూ ఒక కంచంలో తిని పెరిగారు. ఎనొక్‌కు ఆచారాలంటే ప్రాణం, ముఖ్యంగా ఇతరులు పాటించాల్సినవి. అతను టోపీని గుంజకేసి నాలుగు బాదాడు. లోపలి గుడ్డ చిరిగింది. దాని వెనక నుంచి మూడు ఈకలు రాలిపడ్డాయి.

ఎర్రటి ఈకలు. అలాంటి ఎరుపు ఆ చుట్టుపక్కల ఒక్క పిట్టకే ఉంది. గ్వలగ్వల. దాన్ని అందరూ రోజూ చూస్తూనే ఉంటారు, దొడ్డి పక్క మేడిచెట్టు మీద. పచ్చటి రొమ్ము, ఊదా రంగు కుచ్చు, కంటి చుట్టూ ఎర్ర గీత. పిట్టై ఉండి ఎగరడానికి బద్ధకం. ఉడతలాగా కొమ్మల మీద పరుగులు పెడుతుంది, పళ్ళు మింగుతుంది, చుట్ట తాగే ముసలాడిలా ఖొక్ ఖొక్ మని గొంతు చించుకుంటుంది. ఎరుపంతా రెక్కల మడతల్లోనే దాచుకుంటుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఎగిరినప్పుడే అది బయటపడుతుంది. ఆ ఎర్ర ఈక తలలో పెట్టుకునే హక్కు రాజరక్తానికి మాత్రమే ఉంది. మామూలు మనిషి దగ్గర దొరికితే ఊరి దొరగారు జరిమానాగా ఆవును కట్టమంటారు.

ఎనొక్ వాటిని ఏరి గుప్పిట్లో మూశాడు. ఉన్నవి రెండే దారులు. వెలాఫి దొంగ అయితే ఆవును కట్టాల్సింది దగ్గరి మగదిక్కైన తనే. దొంగ కాకపోతే? తండ్రి పేరు తెలియని మనిషి. వెలాఫి అన్న పేరుకు అర్థమే 'ఎక్కడి నుంచి వచ్చావు' అని. దొడ్డిలో తన ఆవుల వంక ఒక్కసారి చూసేసరికి ఎనొక్‌కు సత్యం బోధపడింది.

"వదినా!" అని గడప అవతల నుంచే మోకాళ్ళ మీద పడ్డాడు. "ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేం? అన్న రాజుగారి బిడ్డా?"

"ఎవరి బిడ్డ?" అంది లజ్వానె గోడతో.

అతను అప్పటికే దొడ్డివైపు పరుగెడుతున్నాడు.

అక్కడ దొరగారి తరఫున శవసంస్కారం ఏర్పాట్లు చూడడానికి వచ్చిన గినింజా టీ తాగుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఏ తప్పూ చేయని పెద్దమనిషి. ఏ నిర్ణయమూ తీసుకోలేదు కనుక. ఈకల్ని చూసి కప్పు కింద పెట్టాడు.

"ముందు ఇంటావిడని అడుగుదాం," అన్నాడు.

గడప దగ్గర ఎనొక్ చేతిలో ఈకల్ని లజ్వానె అప్పటికే ఓరకంట చూసి ఉంది. గుర్తుపట్టింది కూడా. పెళ్ళికి ముందు మాట. వెలాఫి చెరకు మిల్లులో కూలి. రాణిలా చూసుకుంటానంటూ వెంటపడితే, "రాణికుండేవి ఒక్కటైనా తెచ్చి చూపించు," అని ఆటపట్టించింది. మర్నాడు పొద్దున్నే మేడిచెట్టు కింద ఏరుకొచ్చిన మూడు ఈకలు చేతిలో పెట్టాడు. ఆవిడ హడలిపోయి, "ముందు పారెయ్, ఇద్దర్నీ ఊళ్ళోంచి తరిమేస్తారు," అంది. పారేశానన్నాడు. అప్పటి నుంచీ ఆ మాట నమ్ముతూనే ఉంది.

"అవి చెట్టు కింద రాలినవి. నాకోసం ఏరుకొచ్చాడు. ఆ మాట చెప్పు," అంది ఫికిలెతో.

ఫికిలె పరుగున వెళ్ళి దొడ్డి కంచె అవతల నుంచి అరిచింది. "అక్క కోసమే తెచ్చాడటండీ!"

మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెళ్ళికూతురికి గ్వలగ్వల ఈకలు పెట్టే మనిషి ఎవరై ఉంటాడు?

ఫికిలె తిరిగొచ్చి సంగతి చెప్పగానే లజ్వానె నెత్తి కొట్టుకుంది. "కాదే! పారెయ్యమన్నాను, పారేశానని నాకు అబద్ధం చెప్పాడు. అదీ సంగతి!"

"పెళ్ళానికి కూడా తెలియకుండా దాచాడటండీ!"

దొడ్డిలో పెద్దలు తలలు దగ్గరకు చేర్చారు. "పైనుంచి ఆజ్ఞ అయ్యుంటుంది," అన్నాడు ఎనొక్ గొంతు తగ్గించి.

"ఓసి నీ తొందర తగలెయ్య! ఆయన మిల్లులో బస్తాలు మోసిన మనిషి, నడుం విరిగి పోయాడు. ఇది చెప్పవే!"

ఆ కబురు విన్నాక ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. రాజబిడ్డ అయ్యుండి బస్తాలు మోశాడు, ఎంత ఓర్పు! ఎవరి ముందూ టోపీ తీయకపోవడానికి కారణం కూడా అప్పుడే అందరికీ తెలిసింది. బట్టతల అనుకుని ఇన్నాళ్ళూ పాపం మూటగట్టుకున్నారు. నిజం చెప్పినకొద్దీ మొగుడు సింహాసనానికి దగ్గరవుతున్నాడని అర్థమై లజ్వానె నోరు మూసుకుంది.

మధ్యాహ్నానికి గినింజా ఫోనులో పైన రాజుగారి కొలువుకు కబురు పంపాడు. జవాబు వచ్చేలోపు ఇంటి నిండా ఆంక్షలు. రాజరక్తం పోయిందని పైనుంచి ప్రకటన వచ్చేదాకా ఎవరూ ఏడవకూడదు. 'చనిపోయాడు' అనకూడదు, 'అలసిపోయాడు' అనాలి. భజన బృందం వాళ్ళని చెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడొద్దన్నారు. గొయ్యి తవ్వేవాళ్ళని మోకాలి లోతులో ఆపేశారు. దూరం నుంచి బస్సెక్కి వచ్చిన మేనత్త ఒకావిడ వాకిట్లోకి రాగానే గుండెలు బాదుకోబోతే, నలుగురు పట్టుకుని నోట్లో రొట్టెముక్క పెట్టారు.

గ్వలగ్వల ఇవేవీ పట్టించుకోలేదు. అది ఖొక్ మన్నప్పుడల్లా ఎనొక్ లేచి నిలబడేవాడు. అతన్ని చూసి గినింజా, గినింజాని చూసి మిగతావాళ్ళు. సాయంత్రానికి జనం మోకాళ్ళు నొప్పులెత్తాయి. అది మేడిపళ్ళు చాలక దిగొచ్చి, వచ్చినవాళ్ళకని కోసిపెట్టిన బొప్పాయి ముక్కల మీద పడింది. అదిలించే ధైర్యం ఎవరికుంది?

"కానివ్వండి, చుట్టాలే కదా," అన్నాడు ఎనొక్. అతను అప్పటికి బెంచీ మీద నుంచి కుర్చీకి మారాడు. చిన్నప్పుడు రాజకుమారుడితో ఒకే దుప్పటి కప్పుకున్న వైనం అడగనివాళ్ళకు కూడా చెబుతున్నాడు.

శుక్రవారం పొద్దున జవాబు వచ్చింది. మా మనిషి వచ్చి చూసేదాకా శవాన్ని కదపొద్దు. రాజరక్తమే అయితే కొండ గుహలో పెట్టడం జరుగుతుంది. చోటు ఎవరికీ చెప్పేది లేదు, ఆడవాళ్ళు వెంట రాకూడదు.

ఈ మాట విని లజ్వానె చాప మీద వేలితో ఆ ముగ్గురి వరస గీసుకుంది. కొడుకు ఒక్కడే ఆ గొడ్ల వెనక ఉండిపోతాడు. మొగుడు ఏ కొండలో ఉన్నాడో కూడా తెలియకుండా తను ఆ మూడో చోటుకు పోతుంది. ఏడవడానికి లేదు. చచ్చినవాడి మీద ఒళ్ళు మండిపోయింది. "పారెయ్యమంటే పారెయ్యొద్దూ!" అని గోడను తిట్టింది.

మధ్యాహ్నం పికప్ బండి ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఖొంజఫి అనే ముసలావిడ దిగింది. రాజవంశపు ఆడపడుచు, తలలో రెండు ఎర్ర ఈకలు. దొడ్డిలో వేసిన కుర్చీని చూసి, "కూర్చుని కూర్చునే నడుం పోయింది," అని నేరుగా చాప గదిలోకి నడిచింది. ఆడమనిషి కనుక ఎవరూ అడ్డుచెప్పలేదు. రెండు రోజుల్లో లజ్వానెని నేరుగా అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"ఏమ్మా, నీ మొగుడు మావాడేనా?"

"కాదమ్మా. మిల్లు కూలి." అని మొదలుపెట్టి లజ్వానె అంతా చెప్పింది. అమ్మాయిగా ఉన్నప్పుడు ఆడిన పరిహాసం దగ్గర మాత్రం మళ్ళీ గోడవైపు తిరిగింది.

ముసలావిడ విని నిట్టూర్చింది. "మా ఇంట్లో రాకుమారులకు కొదవ లేదు తల్లీ. ఉన్నవాళ్ళకే దుప్పట్లు చాలడం లేదు. కానీ బయట అంతమంది ఆ ఎరుపు చూశారు. ఎర్రగా ఉన్నంతసేపూ అతను దొంగైనా కావాలి, మావాడైనా కావాలి. నీవాడు మాత్రం కాడు."

"మరెలాగమ్మా?"

"బట్టల సబ్బు ఉందా? వేడినీళ్ళు పెట్టించు." తలలో ఈకల్ని తడుముకుంది. "వానకు భయం లేదు గానీ సబ్బునీళ్ళు తగిలితే దీని రంగు నిలవదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలుసు, మగవాళ్ళు ఎప్పుడూ ఏదీ ఉతకరు కదా. రాజరక్తం చేత్తో ఆ ఎరుపు కడగకూడదు. నువ్వే చెయ్యాలి."

ఫికిలె బేసిన్ తెచ్చింది, ముసలావిడ చూస్తుందట అని చెప్పి దొడ్డి కంచె దగ్గర ఈకల్నీ అడిగి పట్టుకొచ్చింది. లజ్వానె ఈకల్ని చేతిలో పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది. అన్ని ఏళ్ళు చెమటలో, మిల్లు దుమ్ములో, అతని నెత్తి మీద ఉండి కూడా చెక్కుచెదరని ఎరుపు. తన కోసం ఎవరైనా చేసిన తప్పు జీవితంలో అదొక్కటే. పారెయ్యమన్నది తనే, ఇప్పుడు ఆ పని చేయాల్సిందీ తనే. ఈకల్ని నీళ్ళలో ముంచి సబ్బు రుద్దింది. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి, తర్వాత ఎర్రబడ్డాయి. ఆవిడకు ఏడుపు ఆగలేదు.

"అక్కా, ప్రకటన ఇంకా రాలేదు," అని ఫికిలె కంగారుగా గుర్తుచేసింది.

"కళ్ళలో సబ్బు పడిందిలే," అంది ముసలావిడ. "పడనీ."

టీ రెండోసారి కాచేసరికి ఈకలు మాసిన బూడిద రంగులోకి వచ్చాయి. ఖొంజఫి వాటిని ఒక గుడ్డ మీద పెట్టించుకుని దొడ్డిలోకి వెళ్ళింది.

"ఇవేనా?"

గినింజా ఈకల్ని చూశాడు. తర్వాత ముసలావిడ తల వంక చూశాడు. "ఇవే అనుకుంటానమ్మా."

"ఇవి కోడి ఈకలు."

"నాకూ నిన్న అలాగే అనిపించింది," అన్నాడు గినింజా.

ఎనొక్ కుర్చీలోంచి లేచాడు. "అదేంటమ్మా! నిన్న ఎర్రగా నిప్పుకణాల్లా..."

"అంటే కోడి ఈకకూ మా ఈకకూ తేడా నాకు తెలియదంటావా?"

ఎనొక్ సాక్ష్యం కోసం చుట్టూ చూశాడు. నిన్న అతనితో కలిసి ఇరవైసార్లు లేచి నిలబడినవాళ్ళంతా పశువుల్ని చూస్తున్నారు. కోడి ఈకను రాజచిహ్నమని ఊరేగించినందుకు ఆవును కట్టమని గినింజా తీర్పు చెప్పాడు. ముప్ఫై ఏళ్ళలో అతను తీసుకున్న మొదటి నిర్ణయం అది. ఏ తప్పూ రాదని రూఢి అయింది కాబట్టి తీసుకున్నాడు. ఆ ఈకలు ఏ కోడివో దాన్ని పట్టుకొచ్చి రుజువు చూపించమని కూడా ఎనొక్‌కు ఆజ్ఞ అయింది.

శనివారం తెల్లవారుతూనే వెలాఫిని కొడుకు పక్కన దించారు. టోపీ గుండెల మీద ఉంది, మూడు బూడిద ఈకలు చిరిగిన గుడ్డ వెనక యథాస్థానంలో ఉన్నాయి. లజ్వానె ఈసారి ఎవరినీ అడగకుండా గట్టిగా, గొంతు పోయేదాకా ఏడ్చింది. గ్వలగ్వల రాలేదు. మేడిపళ్ళు అయిపోయాయి.

ఎనొక్ తన ఇంటి బూడిద రంగు పెట్టను పట్టుకొచ్చి అప్పగించాడు. భోజనాల్లో ఆ రుజువు అందరికీ సరిపోలేదు.