పదకొండో పేజీ

ఆదివారానికి నీలకంఠం వేసుకున్న పథకం చిన్నదే. కోడలు సత్యశ్రీ తగరపువలసలో పెళ్లికి వెళ్లింది. ఆమె సాయంత్రం తిరిగొచ్చేలోపు ముందు గదిలోని ముసలి కంప్యూటర్‌ని బాగుచేయాలి. కంచరపాలెంలో సగం మంది ఆడవాళ్లు జాకెట్లు సత్యశ్రీ దగ్గరే కుట్టించుకుంటారు. వాళ్లందరి కొలతలూ ఆ కంప్యూటర్లోనే ఉంటాయి. అది తెరుచుకునేలోపు ఒక జాకెట్టుకి హుక్కులన్నీ కుట్టేయొచ్చు.

ముసలి కంప్యూటర్లకి విండోస్ బదులు లినక్స్ పెట్టుకుంటే సరిపడుతుందని, అది ఊరికే దొరుకుతుందని చెప్పింది ఆస్రా, నీలకంఠం స్నేహితుడు అయూబ్ కూతురు. ఆనందపురంలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి, ఎలా పెట్టుకోవాలో తెలుగులో ముప్ఫై పేజీలు రాసి ప్రింటు తీసింది. ఫోన్లో చెబితే సరిపోయే పనే. కాగితాలూ, పెన్‌డ్రైవూ పట్టుకుని అయూబే రావాలని నీలకంఠం పట్టుబట్టాడు.

ఎందుకంటే నీలకంఠానికి అయూబ్ మీద బెంగ. ఉక్కు కర్మాగారంలో ఇరవయ్యారేళ్లు ఇతను పైన క్రేన్ నడిపితే, అతను కింద నిలబడి చేత్తో సైగలు చేశాడు. పైవాడు ఎందుకని అడగకూడదు. ఒక పని పూర్తయ్యేదాకా కిందివాడు రెండో సైగ ఇవ్వకూడదు. రిటైరయ్యాక అయూబ్ కూతురి దగ్గరికి ఆనందపురం వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఫోన్ చేస్తే “తిన్నావా”, “తిన్నాను” దగ్గరే మాట ఆగిపోయేది. చేతులతో మాట్లాడుకోవడం అలవాటైనవాళ్లకి ఫోన్లో ఏం మాట్లాడాలో తోచేది కాదు.

రెండు బస్సులు మారి అయూబ్ వచ్చాడు. వెనక నిలబడి కాగితాలు పట్టుకున్నాడు. నీలకంఠం కంప్యూటర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“ముందే అంతా ఓసారి సదివేద్దునా, బావ?” అన్నాడు అయూబ్.

“ఎప్పుడైనా అలా సేసేవా? ఒక్కోటీ సెప్పు, ఒక్కోటీ సేత్తాను.”

పది పేజీలు నల్లేరు మీద బండిలా సాగాయి.

“పదకొండో పేజీ. డిస్క్ మొత్తం తుడిచి ఇన్‌స్టాల్ సేయమని ఉంటాది, అది నొక్కు.”

“నొక్కీసాను.”

అయూబ్ పేజీ తిప్పాడు. మొదటి వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

“ఏటి బావ, ఆగిపోనావ్?”

“పన్నెండో పేజీ. పై పని సేసే ముందు మీ ఫైళ్లన్నీ వేరే సోట దాసుకోండి అని రాసింది.”

కర్మాగారం పుస్తకాల్లో హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందే ఎర్ర అక్షరాల్లో ఉండేది. ఆస్రా మాత్రం గుర్తొచ్చిన వరుసలో రాసుకుపోయింది. లినక్స్ హాయిగా ఎక్కింది. కంప్యూటర్ అరనిమిషంలో తెరుచుకుంది. అందులో ఒక్క జాకెట్టు కొలత కూడా లేదు.

“కొలతలు మళ్లీ తీద్దారి,” అన్నాడు నీలకంఠం.

“ఆడోళ్లవి మనమా? మనల్ని తంతారు, బావ!”

ఆలోచించగా ఆది జాకెట్లు గుర్తొచ్చాయి. ఒంటికి సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు ఇస్తే దాన్నే కొలుచుకోవచ్చు. అయూబ్ సంచి పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. మొదటి ఇల్లు తవిటమ్మది.

“ఆది జాకెట్టు మళ్లీ ఎందుకు బావూ? కొలతలన్నీ సత్యశ్రీ దగ్గర ఉన్నాయి కదేటి?”

నిజం చెప్పలేక అయూబ్ తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం చూసి తవిటమ్మకి సత్యశ్రీ కుట్టు కొట్టు మూసేస్తున్నారని అర్థమైంది. ఆమెకి అర్థమైంది గంటలో రైలు పట్టాల దాకా పాకింది. మధ్యాహ్నానికి ఇంటి ముందు నలభై మంది. సగం మంది ఆది జాకెట్లు విసిరి, ఇచ్చిన గుడ్డలు తిరిగిమ్మన్నారు. మిగతా సగం తమ గుడ్డ పక్కావిడ పట్టుకుపోయిందని దెబ్బలాటకి దిగారు.

“ఓలమ్మా, నా పట్టుగుడ్డేదీ!”

సత్యశ్రీ సాయంత్రం ఆటో దిగేసరికి గుమ్మానికీ, కిటికీలకీ, ఫ్యాను రెక్కలకీ జాకెట్లు వేలాడుతున్నాయి. వాటి మధ్య ఇద్దరు పెద్దమనుషులు ముద్దాయిల్లా నిలబడ్డారు. కథంతా విని ఆమె కొట్టు మూయడం లేదని అందరికీ చెప్పి పంపేసింది. మామగారి ముఖం కేసీ, అయూబ్ ముఖం కేసీ కాసేపు చూసింది.

“సరే, మావయ్యా. ఇద్దరూ కూకుని అన్నీ కొలిసి మళ్లీ ఎక్కించీండి. తొందరేటీ లేదు.”

ఎనిమిది రోజులు పట్టింది. అయూబ్ రోజూ ఆనందపురం నుంచి వచ్చాడు. పరాయి ఆడవాళ్ల కొలతలు పైకి చదవడానికి అతనికి సిగ్గు. అందుకని గుమ్మంలో నిలబడి, టేపు పెట్టి కొలిచి, అంకెలు చేత్తో చూపించేవాడు. వేళ్లు మడిస్తే అర అంగుళం, పిడికిలి బిగిస్తే అయిపోయిందని. నీలకంఠం ఆ చేతులు చూస్తూ అంకెలు టైపు చేసుకుంటూ పోయేవాడు. ఒక్కోసారి అంకె తెలిసినా తెలియనట్టు మళ్లీ చూపించమనేవాడు. ఆ చేతుల కోసం తను ఇన్నాళ్లూ ఎంత మొహం వాచిపోయాడో అప్పుడు తెలిసింది.

ఎనిమిదో రోజు ఆఖరి జాకెట్టు అయిపోయింది. అయూబ్ సంచి సర్దుకోవడం చూడలేక, నీలకంఠం సూది వెతికే వంకతో మిషను సొరుగు లాగాడు. అందులో ఒక పెన్‌డ్రైవ్, దానికి కట్టిన కాగితం మీద కోడలి దస్తూరీలో “కొలతలు అన్నీ, శనివారం”.

“ఏటమ్మా ఇది?”

సత్యశ్రీ మిషను ఆపలేదు. “మీరు ముట్టుకుంటానన్న రోజే దాసేసాను, మావయ్యా.”

“మరైతే ఎనిమిది రోజులూ మా సేత…”

“ఎనిమిది రోజుల్నుంచీ మీరు రెండోసారి అన్నం అడిగి వేయించుకుంటన్నారు.”

గుమ్మం దగ్గర అయూబ్ చెప్పులు వేసుకుంటున్నాడు.

“పనైపోనాది కదా, బావ. వెళ్తాను మరి.”

నీలకంఠం పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గుప్పిట విప్పి, కాగితం మీది అక్షరాలు అయూబ్‌కి కనిపించేలా పట్టుకున్నాడు.

“బావ, డిస్క్ మొత్తం తుడిసీమన్నది ఎన్నో పేజీ?”

అయూబ్ కాగితం చదివాడు. సత్యశ్రీ వైపు చూశాడు. ఎందుకని అడగలేదు. సంచి కింద పెట్టి, ముందు పది వేళ్లు, తర్వాత ఒక్కటి చూపించాడు.