ఎడిటర్ నవ్వింది, సినిమా పోయింది!

ఒత్తిడి తగ్గించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు మీ మేలు కోరేవాళ్ళు కారు! ఒత్తిడి మనకి దొరికిన వరం. కాదంటారా? ఒక్క రోజు ప్రశాంతంగా కనిపించి చూడండి, మీ ఉద్యోగం గతేమిటో తెలిసొస్తుంది.

నమ్మకపోతే ఫిల్మ్ నగర్‌కి రండి. ఇక్కడ ఎవరైనా "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాను" అనకూడదు. అన్నారో, మీ చేతిలో సినిమాల్లేవని ఊరంతా పాకిపోతుంది. "చచ్చిపోతున్నానండీ, తిండికి కూడా టైమ్ లేదు" అనాలి. అప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళల్లో కనిపించే గౌరవం ఏ అవార్డుకీ రాదు. ఇంత మర్యాద తెచ్చిపెట్టే ఒత్తిడిని చేజేతులా వదిలించుకుంటారా ఎవరైనా?

ఎడిటర్ హిమజకి ఈ సంగతి తెలియక కాదు. ఇల్లు మధురానగర్‌లో, ఎడిటింగ్ రూమ్ ఫిల్మ్ నగర్‌లో. రెంటి మధ్యా పెద్ద దూరం లేదు కానీ, ఆమె ఇంటికి వెళ్ళడమే అరుదు. ఆమె చేస్తున్న సినిమాకి ముహూర్తం రోజునే, మొదటి క్లాప్ కొట్టకముందే, రిలీజ్ డేట్ పోస్టర్ వేశారు. అప్పటికి కథలో సెకండాఫ్ పుట్టనే లేదు, డేట్ మాత్రం భేషుగ్గా పుట్టింది! ఇప్పుడా డేట్ ముంచుకొచ్చింది. క్లైమాక్స్ ఇంకా షూటింగ్‌లోనే ఉంది. ఈ కంగారులో హిమజ ఒకరోజు తల తిరిగి కుర్చీలోంచి పడబోయింది.

డాక్టర్ బీపీ చూసి హడలిపోయారు. వేళకి తినాలి, పొద్దున్నే నడవాలి, నవ్వుతూ ఉండాలి, లేదంటే మంచాన పడతావమ్మా అన్నారు. హిమజకి నిజంగానే భయమేసింది.

చెప్పింది చెప్పినట్టు చేసింది పాపం! పొద్దున పార్కులో నడిచింది. మధ్యాహ్నం వేళకి టిఫిన్ బాక్స్ విప్పి, నమిలి నమిలి తిన్నది. అంతటితో ఊరుకోకుండా, ఎదురొచ్చిన డిస్ట్రిబ్యూటర్‌ని చూసి హాయిగా నవ్వింది.

ఇంకేముంది! రిలీజ్ ముందు ఎడిటర్ వేళకి అన్నం తింటోందంటే అర్థమేమిటి? సినిమా మీద ఆశ వదిలేసుకున్నారనే కదా! చీకటి పడేలోగా ఆ కబురు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటేసింది. నిర్మాత వరప్రసాద్ గారు ఎడిటింగ్ రూమ్‌కి పరుగున వచ్చారు.

"ఏంటమ్మా హిమజా, నవ్వావంట?"

"డాక్టర్ నవ్వమన్నరు సార్. ఫికర్ తగ్గించుకోకుంటే పానం మీదికొస్తదన్నరు."

"నవ్వాలంటే ఇంట్లో నవ్వుకోమ్మా! వైజాగ్ బయ్యర్ ఫోన్ చేసి, సినిమా అంత ఘోరంగా వచ్చిందా అండీ అని అడుగుతున్నాడు."

"గట్లయితే రిలీజ్ ఒక్క వారం జరుపుండ్రి సార్. గంతే చాలు. నాకు బీపీ గోలీలు గూడ అక్కర్లే."

వరప్రసాద్ గారు ఆమెని జాలిగా చూశారు. "డేట్ జరిపితే మార్కెట్‌లో పరువు పోతుందమ్మా. నీ స్ట్రెస్ సంగతి నాకొదిలెయ్" అన్నారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆ ఆదివారమే యూనిట్ మొత్తానికీ స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాప్ పెట్టించారు. తెల్లారేసరికి అందరూ హాజరు కావాలి. రానివాళ్ళు సంజాయిషీ ఇవ్వాలి. ధ్యానంలో పోయిన పూట పనిని సోమవారం పనితో కలిపి పూర్తి చేయాలి. ఇంతటి ఉదారబుద్ధి ఎంతమంది యజమానులకు ఉంటుంది చెప్పండి!

ట్రైనర్ పృథ్వీరాజ్ అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. సగం మంది అక్కడికక్కడే నిద్రపోయారు. అది గాఢమైన ధ్యానమనుకుని ఆయన మురిసిపోయాడు.

చివర్లో ఒక నర్సు అందరికీ బీపీ చూసింది. హిమజ దగ్గర మిషన్‌లో కనిపించిన అంకె చూసి పృథ్వీరాజ్ తల పంకించాడు.

"లోపం పరిస్థితుల్లో లేదు మేడమ్, మీరు చూసే చూపులో ఉంది."

"నా చూపు మంచిగనే ఉన్నది సార్. క్లైమాక్సే ఇంకా రాలే."

తర్వాత వరప్రసాద్ గారు సరదాకి చెయ్యి చాపారు. అచ్చం అదే అంకె!

హాలంతా లేచి నిలబడింది. ఒకరు ఫ్యాన్ ఆయన వైపు తిప్పారు, ఒకరు కొబ్బరిబోండాం కోసం పరుగెత్తారు, ఇంకొకరు పెద్ద డాక్టర్‌కి ఫోన్ కలిపారు. చూపులో లోపం గురించి పృథ్వీరాజ్ నోరు విప్పలేదు. పెద్ద డాక్టర్ వచ్చి, ఆయన్ని ఒక వారం పాటు ఏ పనీ పెట్టుకోవద్దన్నారు. మధ్యాహ్నానికల్లా కొత్త పోస్టర్ బయటికొచ్చింది. ప్రేక్షకులకు మరింత మంచి సినిమా అందించాలన్న సంకల్పంతో విడుదలను వారం వాయిదా వేశారట! మార్కెట్‌లో పరువు ఎక్కడికీ పోలేదు.

హిమజకి ఊపిరి తిరిగొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. అదే మిషన్, అదే అంకె! తన చేతికి కట్టినప్పుడు లోపం తనలో ఉంది. ఆయన చేతికి కట్టగానే లోపం డేట్‌లోకి వెళ్ళిపోయింది.

ఒత్తిడి వరమన్న మాటకి నేనిప్పటికీ కట్టుబడే ఉన్నాను. కాకపోతే అంత గొప్ప వరాన్ని కిందివాళ్ళం మనమే అనుభవించడం స్వార్థం కదూ? అందుకని మీ ఆఫీసులో ధ్యానం క్లాసు పెడితే తప్పకుండా వెళ్ళండి. కళ్ళు మూసుకునే ముందు మాత్రం, మొదట మీ బాస్‌కి బీపీ చూడమని నర్సుతో చెప్పండి.