ఖానాపూర్ సంతకం

గురువారం పొద్దున సిద్దిరాములు వేసుకున్న ప్లానుకు ఎవరూ వంక పెట్టలేరు. తెల్లవారకముందే సిరిసిల్లలో బయలుదేరాలి. ఖానాపూర్‌లో ఒక సంతకం తీసుకోవాలి. అక్కడి నుంచి జన్నారం, లక్సెట్టిపేట మీదుగా మందమర్రి చేరి, ఏడో నెల పడ్డ కూతురు నవ్యశ్రీని ఎక్కించుకొని రాత్రికల్లా ఇంటికి రావాలి. శుక్రవారం కోడలిని ఇంట్లోంచి పంపరు, శనివారం అమావాస్య, కాబట్టి ఈరోజు తప్పితే మళ్లీ మంచిరోజు ఎప్పుడో. తొలి కాన్పుకు బిడ్డను తండ్రి వెళ్లి తెచ్చుకోవడం ఆచారం. సొంత కారులో తెచ్చుకోవాలన్నది మాత్రం సిద్దిరాములు ఆచారానికి తానుగా చేర్చుకున్న ముక్క.

ఆ ముక్క కోసం ఆయన తక్కువ తిప్పలు పడలేదు. పాతికేళ్లు సాంచాల మీద బట్ట నేశాడు. నడుము ఇక మరమగ్గం ముందు నిలబడనన్నాక బట్టల తాన్లు మోసే ట్రాలీ ఆటో నడిపాడు. చివరికి చిట్టి ఎత్తి, కరీంనగర్‌లో పాత కార్లు అమ్మేచోట ఒక చిన్న తెల్లకారు కొన్నాడు. ఆర్సీ తన పేరు మీదికి మారింది. ఇన్సూరెన్సు ఇంకా ఎనిమిది నెలలుంది, ఫికర్ చేయకు అన్నారు అమ్మినవాళ్లు. ఆయన ఫికర్ చేయలేదు. అల్లుడు వెంకటేశ్ చేశాడు.

"మామా, ఇన్సూరెన్స్ ఎవలి పేరు మీదున్నది?" అని మందమర్రి నుంచి ఫోనులో అడిగాడు వెంకటేశ్. బొగ్గుబాయిలో ఉద్యోగం, జాగ్రత్త గల మనిషి.

"పాతాయన పేరు మీద."

"గట్లయితె ఎట్ల? మా కాలనీల ఒకాయనది గిట్లనే పాతోని పేరు మీదుండె. కారు తీస్కపోయి చెట్టుకు గుద్దిండు. రిపేరుకు ఒక్క పైస రాలే. నీ పేరు మీదికి మారేదాంక నవ్యను గా కారుల పంపుడు కాదు మామా."

అల్లుడు న్యాయమే మాట్లాడాడు, అదే బాధ. సిద్దిరాములు వెళ్లి ఇన్సూరెన్సు ఏజెంటు హరీష్ ముందు కూర్చున్నాడు.

"ఉత్త థర్డ్ పార్టీ తీస్కుంటె చవక, కాకా. గది లేకుంటె రోడ్డెక్కుడే తప్పు," అన్నాడు హరీష్. "నీ కారు ఎవలికన్న తాకితె వాళ్లకు పైసలొస్తయి. నీ కారుకు మాత్రం రావు. కొత్తగ ఫుల్ తీస్కుంటె నీ కారుకు సుత వస్తయి గని మస్తు కట్టాలె. ఉన్న ఫుల్ పాలసీనే నీ పేరు మీదికి మార్చుకుంటె అన్నిట్ల చవక. ఇన్నేండ్లు క్లెయిమ్ చెయ్యనందుకు పాతాయనకు తగ్గింపు ఉన్నది, అది నీకు రాదు, గంత తేడా కడితె చాలు. గీ కాగితం మీద ఆయన సంతకం ఒక్కటి తే. ఫోటో కొట్టి పంపు, మిగిలింది నేను చూస్కుంట."

పాతాయన పేరు ఎబినేజర్. ఖానాపూర్‌లో ఎరువుల దుకాణం. ముందురోజు ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. "దుకాణానికి రా అన్నా. ఇంటికి మాత్రం రాకు," అన్నాడు. ఎందుకు రావద్దని సిద్దిరాములు అడగలేదు.

ఆయన ఖానాపూర్ చేరేసరికి ఎనిమిదైంది. దుకాణం మూసి ఉంది. ఇల్లుండగా మూసిన షటరు ముందు కూర్చోవడమేంటి, మనం పరాయోళ్లమా, వాళ్ల కారు కొన్నవాళ్లం అనుకొని, చాయ్ హోటల్లో ఇల్లెక్కడో అడిగి కారు నేరుగా వాకిట్లో ఆపాడు.

అరుగు మీద ఎబినేజర్ తల్లి సంతోషమ్మ కూర్చొని ఉంది. ముప్పై ఏళ్లు సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. తెల్లచీర, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, దాని మీద బైబిలు. కారును చూడగానే దిగ్గున లేచింది.

"వచ్చిందా! రెండు నెలలు! సర్వీసింగుకు రెండు నెలలు పడ్తదా అయ్యా? గుండెకు ఆపరేషన్ చేసిన మనిషిని గూడ పది రోజులల్ల ఇంటికి పంపుతరు!"

"అమ్మా, నేను..."

"నువ్వేం చెప్పకు." ఆమె కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. "గీ గీత ఎవడు పెట్టిండు? ముందటి అద్దం బొమ్మ ఏడికి పోయింది? సీట్లకు గీ పూల బట్ట ఎవలేసిండ్రు?"

"నేనే ఏసిన. మా సిరిసిల్ల బట్ట."

"మంచిగనే ఉన్నది. దానికి పైసలు మాత్రం ఇయ్య."

సిద్దిరాములు పక్కకు జరిగి ఎబినేజర్‌కు ఫోను చేశాడు. అవతల ఎబినేజర్ గుసగుసలాడాడు. ఇంటి వెనకాలే ఉన్నట్టున్నాడు.

"ఇంటికి రాకంటి గద అన్నా! కారు అమ్మిన అని అవ్వకు తెల్వది. సర్వీసింగుకు ఇచ్చిన, సామాను హైదరాబాద్ నుంచి రావాలె అని చెప్పిన. ఇప్పుడు నువ్వు నోరు తెరిచినవంటె సంతకం సంగతి మర్చిపో. జర ఆమె ఎటు పొమ్మంటె అటు తిప్పుకరా. గంటల నీ సంతకం నీ చేతుల పెడ్త."

గంటే కదా అనుకున్నాడు సిద్దిరాములు. సంతకం లేకపోతే కారులో బిడ్డ రాదు. సంతోషమ్మ అప్పటికే ముందు సీట్లో కూర్చొని ఉంది.

"నడుపు మెకానిక్. పని ఎట్ల చేసినవో సూద్దాం."

కారు లేని రెండు నెలల్లో సంతోషమ్మకు పరామర్శలు పేరుకుపోయాయి. మొదట పక్క ఊళ్లో ఒక చావు ఇల్లు. చనిపోయి నలభై రోజులైంది, ఇంట్లోవాళ్లు ఏడుపు మానేసి మక్కజొన్నలు ఎండబోసుకుంటున్నారు. సంతోషమ్మను చూసి మర్యాదకు మళ్లీ ఏడ్చారు. ఆమె ప్రార్థన చేసింది. చనిపోయినవాడితో మొదలుపెట్టి, వాడి పిల్లల చదువులు, పంటలు, వానల దాకా దేనినీ వదల్లేదు. తర్వాత ఒక బాలింత ఇల్లు. బిడ్డ నోట్లో తేనె పోసిన అత్తకు అక్షింతలు పడ్డాయి. ఆ తర్వాత తుంటి విరిగినాయన. ఎక్కడికి పోయినా ఆమె, "ఈయన మన మెకానిక్, సిరిసిల్ల మనిషి, పనిమంతుడు గని ఆలిశ్యం," అని పరిచయం చేసింది.

తుంటి విరిగినాయన ఇంటి వెనక ట్రాక్టరు ఒకటి వారం నుంచి కదలకుండా ఉంది.

"మెకానిక్ ఉండంగ ఫికరెందుకు? సూడయ్యా," అంది సంతోషమ్మ.

సిద్దిరాములుకు సాంచాల సంగతి తప్ప ట్రాక్టరు సంగతి ఏం తెలుసు? ఏమీ చేయకపోతే అనుమానం వస్తుందని, వదులుగా కనపడ్డ వైరు ఒకటి గట్టిగా నొక్కాడు. పాడుగాను, ట్రాక్టరు ఒక్క దెబ్బకు స్టార్టయింది. అంతే, పక్కింటి ముత్యం మోటారు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వాడి వెనక ఒకాయన నీళ్ల మోటారు భుజాన మోసుకొచ్చాడు. ఇంకొకాయన మిక్సీ పట్టుకొచ్చాడు. అందరికీ తీరుబడిగా మళ్లీ వస్తానని మాటిచ్చి బయటపడేసరికి పన్నెండు దాటింది. ఖానాపూర్‌లో దిగుతానని ఒక ముసలామె కోడిపెట్టతో సహా వెనక సీట్లో ఎక్కింది.

మధ్యలో వెంకటేశ్ ఫోను. "మామా, పేరు మారిందా?"

"మారుతున్నది అల్లుడా. జర రోడ్డు మీదున్న." వెనక నుంచి కోడి అరిచింది. వెంకటేశ్ ఇంకేమీ అడగలేదు.

ఖానాపూర్ పొలిమేరలో పోలీసులు బండ్లు ఆపి కాగితాలు చూస్తున్నారు. తనవన్నీ ఉన్నాయన్న ధీమాతో సిద్దిరాములు తీసి ఇచ్చాడు. కానిస్టేబులు తాపీగా పైకే చదివాడు.

"ఆర్సీ సిద్దిరాములు. ఇన్సూరెన్స్ ఎబినేజర్. కారు ఎవలిది?"

"మాదే," అంది సంతోషమ్మ. "ఎబినేజర్ నా కొడుకు. ఈయన మెకానిక్." ఆ మాట అన్నాక గాని కానిస్టేబులు మొదట చదివిన పేరు ఆమె చెవిన పడ్డట్టు లేదు. "ఆగు నాయనా. ఆర్సీ మీద ఎవలి పేరున్నదంటివి?"

"సిద్దిరాములు. గీయన పేరే."

ఆమె సిద్దిరాములు వైపు తిరిగింది. "ఓరి నీ పాడుగాను! రిపేరుకు ఇచ్చిన కారు పేరు మీద రాయించుకున్నవా! గందుకేనా రెండు నెలలు! సార్, పట్టుకోండ్రి వీన్ని!"

వెనక సీటు ముసలామె ఎందుకైనా మంచిదని తానూ, "దొంగ, దొంగ!" అని అరిచింది. కోడి ఎగిరి స్టీరింగు మీద వాలింది. అయిదు నిమిషాల్లో అందరూ పోలీస్ స్టేషన్లో ఉన్నారు.

ఎస్సై పెద్దమనిషి తరహాలోనే అడిగాడు. "చెప్పు సిద్దిరాములు. కారు కొన్నవా, కొట్టేసినవా?"

సిద్దిరాములు లెక్కేసుకున్నాడు. చెబితే సంతకం పోతుంది, చెప్పకపోతే తానే పోతాడు. మందమర్రిలో బిడ్డ బ్యాగు సర్దుకొని కూర్చొని ఉంటుంది. తండ్రి కారులో వస్తాడని చుట్టుపక్కల చెప్పుకొని ఉంటుంది. "ఎబినేజర్ సార్‌ను పిలవండ్రి," అన్నాడు చివరికి. "ఆయన ఏం చెప్తె అదే."

ఎబినేజర్ వచ్చాడు. తల్లిని చూశాడు, సిద్దిరాములును చూశాడు, బల్ల కింద కోడిని చూశాడు. ఎరువుల బస్తాలు మోసినట్టు చెమట పట్టింది.

"అవ్వా, అమ్మిన."

"ఏంది?"

"కారు. నేనే అమ్మిన. గా అన్న కొన్నడు."

సంతోషమ్మ మెల్లగా అడిగింది. "పైసలకు ఇబ్బందయిందా బిడ్డా?"

"లేదు."

"మరెందుకు?"

"ఆదివారం నాడు జర పండుకుందామని," అన్నాడు ఎబినేజర్. "వారమంత దుకాణం. ఆదివారం గుడి అయినంక పరామర్శలు, ప్రార్థనలు, పొద్దుగూకేదాంక డ్రైవరునే. కారుంటె నువ్వు ఊకోవు. కారు లేకుంటె నాకు నిద్ర దొరుకుతది అనుకున్న."

కానిస్టేబులు కిటికీ వైపు తిరిగి దగ్గాడు. సిద్దిరాములు ఎబినేజర్ ముందుకు చాపిన సంతకం కాగితాన్ని సంతోషమ్మ లాక్కుంది. అయిపోయింది, చింపేస్తుంది అనుకున్నాడాయన.

"గీ కాగితం కోసమేనా నువ్వు పొద్దటి నుంచి నోరు మూస్కొని తిరిగింది? ఏమున్నది దీంట్ల గంతగనం?"

సిద్దిరాములు చెప్పాడు. కూతురు సంగతి, అల్లుడి షరతు, మంచిరోజు, అంతా.

"ఎన్నో నెల?"

"ఏడు."

"బీపీ ఎంతున్నది?"

"తెల్వదమ్మా."

"రక్తం?"

"తెల్వది."

"కారు ఇంజిన్ నంబరు సుత చెప్తవు, బిడ్డ బీపీ తెల్వది!" ఆమె కాగితం కొడుకు ముందు పెట్టింది. "పెట్టు సంతకం. పద మెకానిక్, నేనొస్తున్న. ఏడు నెలల పిల్లను గంత దూరం ఎవలూ చూడకుంట ఎట్ల ఎక్కిస్తవు?"

తల్లి మందమర్రి దాకా వెళ్తోందని విన్న ఎబినేజర్ సంతకాన్ని ఒకటికి రెండుసార్లు పెట్టాడు. అంత సంబరంగా సంతకం పెట్టిన మనిషి ఆ స్టేషన్లో అంతకుముందు ఉండి ఉండడు.

ఫోటో హరీష్‌కు వెళ్లింది. లక్సెట్టిపేట దాటుతుంటే ఫోను మోగింది. పాలసీ మీద సిద్దిరాములు పేరు. ఆయన కారు పక్కకు ఆపి, ఆ పేరు రెండుసార్లు చదువుకొని, కళ్లు తుడుచుకున్నాడు.

మందమర్రిలో వెంకటేశ్ క్వార్టరు ముందే నిలబడి ఉన్నాడు. "మారిందా?" అన్నాడు.

"మారింది," అని సిద్దిరాములు ఫోను చేతికిచ్చాడు.

వెంకటేశ్ పైనుంచి కిందికి చదివాడు, కిందినుంచి పైకి చదివాడు. "ఇంటి పేరు సరిగ్గనే ఉన్నదా? తేదీలు?" తప్పు దొరకక మొహం వేలాడేశాడు. నవ్యశ్రీ గోడ వైపు చూస్తోంది. సంతోషమ్మ బ్యాగులోంచి బీపీ మిషన్ తీసి ఆమె చేతికి కట్టింది.

"బీపీ మంచిగున్నది. ఒంట్ల నీరు లేదు. మరి మొఖం గట్లెందుకు పెట్టినవ్ బిడ్డా?"

నవ్యశ్రీ ఏడ్చేసింది. "బాపూ, నాకు కారు పడది. తలుపేస్తె చాలు కడుపుల తిప్పుతది. మొన్న దవాఖానకు పోయేదాంక దారి పొంట వాంతులే. రైలయితె ఏం కాదు. నువ్వు ముచ్చటపడి కొన్నవు, వద్దంటె నీ పానం చిన్నబోతదని... ఈయన్ను ఏదన్న చెప్పి ఆపుమన్న."

"పాతాయన సంతకం దొరకదనుకున్న మామా," అన్నాడు వెంకటేశ్ నేల చూస్తూ.

సిద్దిరాములుకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పొద్దటి నుంచి చేసిన పరామర్శలు, ట్రాక్టరు, పోలీస్ స్టేషను అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కాని బిడ్డ ఆయన చేయి గట్టిగా పట్టుకొని ఉంది, ఆ చేయి ఉండగా కోపం నిలవలేదు. "పిచ్చి బిడ్డా, నాకు ముచ్చట నీదే గని కారుదా? గా మాట నాకే చెప్తె పొద్దున రైలుకే రాకపోదునా?" అని, ఆమె బ్యాగు తీసి భుజాన వేసుకున్నాడు. సాయంత్రం బండికి ఇంకా టైముంది. పెద్దపల్లి దాకా రైలు, అక్కడి నుంచి కిటికీ పక్క సీటు చూసుకొని బస్సు.

"మరి కారు?" అన్నాడు వెంకటేశ్.

సిద్దిరాములు తాళంచెవి అల్లుడి చేతిలో పెట్టాడు. "నువ్వు తోల్కరా. నర్సమ్మను ఖానాపూర్‌ల దింపి, మెల్లగ సిరిసిల్లకు రా. నువ్వేం ఫికర్ చెయ్యకు అల్లుడా, లైసెన్స్ ఉంటె ఎవలు తోలినా ఇన్సూరెన్స్ నడుస్తదట."

సంతోషమ్మ అప్పటికే ముందు సీట్లో సర్దుకొని కూర్చుంది. "పోయేదారిల మంచిర్యాలల మా చెల్లెలు బిడ్డకు కామెర్లు, బాబూ," అంది వెంకటేశ్‌తో. "ఒక్క పది నిమిషాలు."

నవ్యశ్రీ ఆ రాత్రికే సిరిసిల్ల చేరింది. కారు సోమవారం చేరింది.