ఆదివారం సూపూ, అట్లాంటిక్ సముద్రమూ

నలుగురు స్నేహితులు కూర్చుని యూరప్ అంతా రైల్లో తిరగడానికి ప్లాన్ వేసుకోవడాన్ని మించిన సుఖం ఈ భూమ్మీద లేదు. ఉందన్నవాళ్ళని నా దగ్గరికి పంపండి, నేను సమాధానం చెప్తాను!

"ప్లాన్ కన్నా ప్రయాణమే బాగుంటుంది కదండీ" అంటారు మీరు. అదే మీ అమాయకత్వం. ప్రయాణంలో ఏముంది? పెట్టెలు మొయ్యాలి. వాన పడుతుంది. పక్క సీటాయన గురకపెడతాడు. ప్లాన్‌లో ఇవేవీ ఉండవు. ప్లాన్‌లో ఎప్పుడూ ఎండ కాస్తుంది, రైళ్ళన్నీ టైముకి వస్తాయి, ప్రతిసారీ మనకి కిటికీ సీటే దొరుకుతుంది.

నేను ఊరికే కోతలు కొయ్యడం లేదు. మా మారిబోర్‌లో ద్రావా నది ఒడ్డున, ప్రతి గురువారం సాయంత్రం ఒకే కాఫీ బల్ల చుట్టూ చేరి మేం నలుగురం ఈ సుఖం అనుభవిస్తున్నాం. స్కూలు వదిలిన ఏడు ఒట్టేసుకుని మరీ మొదలుపెట్టాం. ఇప్పుడు నా జుట్టు రాలిపోయింది, రాయ్కోకి బొజ్జ వచ్చింది, ప్లాన్ మాత్రం నిన్న పుట్టినట్టుంది.

నలుగురంటే, బాయిలర్లు బాగుచేసే రాయ్కో, మందుల షాపు నడిపే అలెంకా, పేపర్లో ఈ కాలమ్ రాసుకునే నేను, బడిలో జాగ్రఫీ చెప్పే విదా. మొదటి ముగ్గురం బుద్ధిమంతులం. చిక్కంతా విదాతోనే వచ్చింది.

పోయిన చలికాలం వాళ్ళ క్లాసులో ఒక పిల్ల లేచి, "టీచర్, మహాసముద్రం ఒడ్డున నిలబడితే ఎలా ఉంటుంది?" అని అడిగిందట. ఏళ్ళ తరబడి అట్లాంటిక్ లోతులూ ప్రవాహాలూ బోర్డు మీద గీసి చూపించిన మనిషి, "నాకూ తెలీదమ్మా" అని ఒప్పుకోవాల్సి వచ్చిందట. ఎప్పుడైనా చూస్తే కదా! మా స్లొవేనియాకి సముద్రమైతే ఉంది గానీ, దాని తీరం మధ్యాహ్నం భోంచేసి నడిస్తే చీకటిపడే లోపు అయిపోతుంది.

ఆ గురువారం వస్తూనే విదా బల్ల మీద గుద్దింది. కాఫీలు తొణికాయి.

"ఈ వేసవిలో నేను అట్లాంటిక్ చూడాలి. లిస్బన్ వెళ్దాం. మీ ముగ్గురూ నాతో ఉండాలి. ఒట్టేశారా లేదా?"

"ఓస్, అంతేనా! పోదాం పద," అన్నాం ముగ్గురం. అనడానికేముంది?

ఆ మహాతల్లి మర్నాడే నలుగురికీ రైలు పాసులు కొనేసింది! హాయిగా చెప్పుకునే కబుర్ల మధ్యలోకి నిజం పాసులు పట్టుకొచ్చే మనిషిని ఏమనాలి? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

అయినా మేం బెదరలేదు. ఎందుకంటే రైలు పాసుకి ఒక దివ్యమైన గుణముంది. దాంతో ఏ రైలైనా ఎక్కచ్చు. ఏ రైలైనా ఎక్కచ్చు కనక, ఏ రైలెక్కాలో ఎప్పటికీ తేలదు! టిక్కెట్టు కొన్నవాడి బతుకు చూడండి. ఒకే రైలు, ఒకే సీటు, దిగాల్సిన ఊరు కూడా ముందే రాసి ఉంటుంది. పాపం, వాడికి చర్చించడానికేం మిగిలింది?

మేం చర్చించాం. వేగంగా పోయే రైళ్ళలో పాసున్నా సీటుకి వేరే కట్టాలని తెలిసి అలెంకా భగ్గుమంది. "పాసు కొన్నాక మళ్ళీ సీటుకి డబ్బులా? నిలబడి పోతామా ఏంటి? చచ్చినా కట్టను. అన్నీ చిన్న రైళ్ళే ఎక్కుదాం."

"చిన్న రైళ్ళయితే పూటకి నాలుగు మారాలి," అన్నాడు రాయ్కో. "మారడమంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఎక్కితే దిగేదాకా ఒకటే రైలు. నా షరతు అదీ."

నేను మర్యాదస్తుణ్ణి కాబట్టి చిన్న కోరికే కోరాను. పొద్దున్న పదిలోపు బయల్దేరే రైలు వద్దన్నాను. మూడు షరతులూ కలిపి చూస్తే, మాకు పనికొచ్చే రైలు యూరప్ మొత్తానికి ఒక్కటే తేలింది. పార్కులో పిల్లలెక్కే బొమ్మరైలు!

ఇక రూటు. లిస్బన్ మాకు పడమర. కాబట్టి మొదట ఉత్తరంగా వియన్నా వెళ్ళాలని తీర్మానించాం, అక్కడి కేకు అలెంకాకి ఇష్టం. తర్వాత వెనక్కి తిరిగి దక్షిణాన పక్క దేశంలోని జాగ్రెబ్, అక్కడ రాయ్కో బావమరిది ఇంట్లో పడక ఉచితం. అక్కణ్ణుంచి ఓడరేవు, ఓడెక్కి ఇటలీ, ఆ తర్వాత తీరుబడిగా పడమర.

జాగ్రఫీ టీచరు ఆ గీత చూసి తల పట్టుకుంది. "ఇది రూటా, ఈగ తిరిగిన దారా?"

"నలుగురం అన్నాక నలుగురి మాటా నెగ్గాలి కదే తల్లీ," అంది అలెంకా. విదా ఆ కాగితం మడిచేస్తూ, "చివర్లో సముద్రం ఉంది కదా, చాలు," అంది.

ఇందులో చిన్న మెలిక ఉంది. వియన్నా నుంచి జాగ్రెబ్ పోయే రైలు మా మారిబోర్ మీదుగానే పోతుంది. మా దేశం ఎంత ముచ్చటైనదంటే, ఎటు నుంచి ఎటు పోయినా మధ్యలో మా వంటింటి కిటికీ కనిపిస్తుంది. పాసు రూలేమో, సొంత దేశం నుంచి బయటికి పోవడానికి ఒక్క రోజు, లోపలికి రావడానికి ఒక్క రోజు. అంతే, ఇంకోసారి కుదరదు.

"అంటే లోపలికొచ్చిన రోజే అవతలికి దాటెయ్యాలి," అంది అలెంకా వేలు ఆడిస్తూ. "మారిబోర్‌లో ఎవ్వరూ దిగడానికి వీల్లేదు. వింటున్నావా రాయ్కో?"

"నేనెందుకు దిగుతాను? అక్కడ నాకేం పని?" అన్నాడు రాయ్కో.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, జూలైలో నిజంగానే బయల్దేరాం! వియన్నా చేరాం, కేకు తిన్నాం. మర్నాడు జాగ్రెబ్ రైలెక్కాం. విదా కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. మా నలుగురినీ ఒకే పెట్టెలో చూడటమే ఆమెకి సగం సముద్రంలా ఉంది.

అది ఆదివారం. ఇక్కడే దెబ్బ తిన్నాం. ఆదివారం మధ్యాహ్నం సేమ్యా వేసిన ఎముకల సూప్ ముందు కూర్చోనివాణ్ణి మా ఊళ్ళో జబ్బుపడ్డవాడి కింద లెక్కేస్తారు. రైలు సరిగ్గా భోజనాల వేళకి మారిబోర్‌లో ఆగింది. ప్లాట్‌ఫాం మీద రాయ్కో వాళ్ళమ్మ మిలెనా ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉంది.

"మన ఊరి మీదుగా పోతూ అమ్మకి చెప్పకపోతే బాగుంటుందా?" అని గొణిగాడు రాయ్కో. "ఏదో పొట్లం అందిస్తుందనుకున్నాను."

"సూపుని పొట్లం కడతార్రా ఎక్కడైనా?" అంది మిలెనా తలుపు దగ్గరికొచ్చి. "దిగండి, దిగండి, చల్లారిపోతోంది."

"అత్తా, దిగితే వీళ్ళు మళ్ళీ ఎక్కరు," అంది విదా.

"సాయంత్రం ఇంకో రైలుందిలే," అన్నాను నేను. "ఒక్క గిన్నె సూపే కదా విదా! కోటి విద్యలూ కూటికొరకే."

దిగాం. సూప్ అయ్యాక వేపిన బంగాళాదుంపలు వచ్చాయి, ఆ తర్వాత మాంసం, ఆ తర్వాత కేకు, ఆ తర్వాత సోఫా. అలెంకా టొమాటో మొక్కలకి నీళ్ళు పోసొస్తానని ఇంటికి పోయింది. నేను వేరే చెప్పులు తెచ్చుకుందామని వెళ్ళి మంచం మీద అలా ఒరిగాను. రాయ్కో గురక వీధి చివరిదాకా వినిపించింది. ఆ రోజుకి చివరి రైలు మమ్మల్ని ఏమాత్రం ఇబ్బంది పెట్టకుండా తన దారిన తాను పోయింది. విదా ఒక్కతే సంచీ ఒళ్ళో పెట్టుకుని స్టేషన్లో కూర్చుందని తర్వాత తెలిసింది.

మర్నాడు మిలెనా వంటింట్లో సంతాపసభ జరిగింది. "రూలమ్మా, రూలు! ఇక మన దేశంలో పాసు చెల్లదు, మనమేం చేస్తాం?" అంది అలెంకా. "వచ్చే వేసవికి ఇంకా పకడ్బందీగా ప్లాన్ వేద్దాం," అన్నాను నేను. మాలో ఎవరికీ అంత దిగులున్నట్టు కనపడలేదు, నిజం చెప్పాలంటే.

విదా అడిగింది. "రాయ్కో, నీ వ్యాను ఎక్కడుంది?"

"బయటే. ఎందుకూ?"

"సరిహద్దు దాటాక ఆస్ట్రియా వాళ్ళ మొదటి స్టేషన్ పావుగంట దూరం. పోయిన నెల బాయిలరు పని మీద నువ్వు వెళ్ళిందక్కడికే. నలుగుర్నీ అక్కడ దింపు. అక్కణ్ణుంచి పాసు చెల్లుతుంది."

అంత తేలికైన దారి ఉందని మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు తట్టినందుకు సంతోషించామా? రాయ్కో నడుం పట్టేసిందన్నాడు. అలెంకా టొమాటోలు ఈ వారమే పండుతాయంది. నేను కాలమ్ ఇవ్వాలన్నాను.

విదా మా ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. "సముద్రం ఒక్కటే కావాలనుకుంటే నేను ఎప్పుడో పోయేదాన్ని. మీతో కలిసి చూడాలనుకున్నాను," అంది. తర్వాత సంచీ భుజాన వేసుకుంది. "సరే, నన్నొక్కదాన్నీ దింపుతావా, అదీ కుదరదా?"

ముగ్గురం వెళ్ళి దింపాం. మిలెనా రొట్టెపొడి అద్ది వేయించిన మాంసం నలుగురికీ సరిపడా కట్టింది. "ఏ రైలు? ఎక్కడ మారాలి? సీటుందా?" అని రాయ్కో అడుగుతూనే ఉన్నాడు. "ఎక్కాక చూసుకుంటాను," అని ఎక్కేసింది విదా. ప్లాన్ లేకుండా బయల్దేరేవాళ్ళ తెగింపు అలా ఉంటుంది!

ఆ సాయంత్రం ఒక ఫోటో పంపింది. రైల్లో బల్ల మీద విప్పిన పొట్లం, మూడు ముక్కలు మిగిలి ఉన్నాయి. ఎదుటి సీట్లు ఖాళీగా ఉన్నాయి. కింద, "మీ వాటా," అని రాసింది.

ఇవాళ గురువారం. కాఫీ బల్ల దగ్గర ఉండగా ఇంకో ఫోటో వచ్చింది. అంతా నీళ్ళే, అవతలి ఒడ్డు లేదు. "ఎలా ఉంటుందో ఆ పిల్లకి చెప్పగలను గానీ మీకు చెప్పను. వచ్చి చూడండి. మీ పాసులు వచ్చే బుధవారం దాకా చెల్లుతాయి. నేను ఇక్కడే ఉంటాను."

పక్క బల్లవాళ్ళు నాలుగో కుర్చీ అడిగితే అలెంకా ఇవ్వనంది. రాయ్కో వ్యాను ఎదురుగానే ఆపి ఉంది. ముగ్గురం దాని వంకే చూశాం.

చివరికి వెళ్ళి తీరాల్సిందేనని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఈసారి మాట తప్పేది లేదు. ఎలా వెళ్ళాలన్నది వచ్చే గురువారం కూర్చుని మాట్లాడుకుంటాం.