సౌజన్య సప్తాహం, కిలో బెల్లం

పండగ బజారులో పక్కవారికి దారి ఇస్తే పుణ్యం వస్తుందా, లేక వట్టి సంచితో ఇంటికి చేరినందుకు పెళ్లాం తిట్లు మాత్రమే వస్తాయా అన్న సందేహం లస్మయ్యను ఇరవై ఏళ్లుగా వేధిస్తోంది. రోజూ దీపం పెట్టి దేవుణ్ణి అడిగేవాడు. దేవుడు పలకలేదు. చివరికి జవాబు పార్టీ ఆఫీసు నుంచి వచ్చింది.

దీపావళి ముందురోజు సిరొంచ బజారులో ఆటో మైకు మోగింది. "కొనుగోలుదారుల సౌజన్య సప్తాహం. సమయం లేనందున ఈ ఒక్కరోజే జరుగును. అందరికీ దారి ఇచ్చి, లైనులో ఆఖరున మిగిలిన మర్యాదస్తులకు మిక్సీ బహుమానం."

పార్టీ కార్యకర్త సాగర్ లస్మయ్య భుజానికి 'సౌజన్య దూత' అన్న పట్టీ వేశాడు. "కాకా, నీ మొఖంల మర్యాద ఉన్నది. జర ఊకె నిలబడు, చాలు."

లస్మయ్య ఆటో అద్దంలో చూసుకున్నాడు. ఉన్నట్టే అనిపించింది.

శంకరన్న కిరాణా దుకాణం ముందు నాగరికత వెల్లివిరిసింది. జనం ముందుకు తోసుకోవడం మానేసి వెనక్కి తోసుకున్నారు.

"ముందు నువ్వు పో, పోశన్నా," అన్నాడు సోము.

"నువ్వే పోరా. నీకన్న నాకు మర్యాద ఎక్కువ," అని పోశయ్య అతని కాలరు పట్టుకున్నాడు. మర్యాదలో ఇద్దరి చొక్కాలూ చిరిగాయి. ఎవరూ ఏమీ కొనలేదు.

అందరూ వెనక్కి పోగా గల్లాపెట్టె ముందు రేగుంట ఊరి భీమక్క ఒక్కతే మిగిలింది. ఆమెను చూసి లస్మయ్య తల దించుకున్నాడు. పన్నెండేళ్ల కిందట ఇదే దుకాణంలో ఆఖరి కిలో బెల్లం ఆమె చేతిలోంచి లాక్కుని, "మా ఇంట్ల పూజ ఉన్నదక్కా," అన్నాడు. ఆమె ఇంట్లోనూ పూజ ఉంటుందని అప్పుడు తోచలేదు.

"కిలో బెల్లం ఇయ్యి శంకరన్నా. మూడింటి బస్సు పోతే ఇగ బస్సు లేదు," అంది భీమక్క.

సాగర్ తక్కెడ మీద చెయ్యి పెట్టాడు. "ఆగక్కా. మా పార్టీ సాహెబ్ వచ్చి నీకు దారి ఇస్తడు. ఫొటో దిగాలె. అప్పటిదాక బేరం బంద్."

"నా ముంగట ఎవ్వరు లేరు గదా. ఇంకేం దారి?"

"అది ఉత్త దారి. సాహెబ్ ఇచ్చేది అధికారిక దారి."

సాహెబ్ అహేరి నుంచి మూడు గంటలు ఆలస్యంగా, మూడింటికి అయిదు నిమిషాల ముందు వచ్చాడు. అందరికంటే ఆఖరున వచ్చాడు గనుక లైనులో ఆఖరివాడు ఆయనే. మిక్సీ ఆయనకే దక్కింది. వినయంగా అందుకుని, ఎదుటివారి సమయాన్ని గౌరవించడం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

బస్సు హారన్ మోగింది. భీమక్క ఖాళీ సంచి దులుపుకుని బస్టాండు వైపు నడిచింది. చప్పట్ల మధ్యలోంచి లస్మయ్య పట్టీతోనే ఆమె వెనక పరుగెత్తాడు. బస్సు మెట్టెక్కి, తన సంచిలోంచి కిలో బెల్లం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"పొద్దటిసంది బేరం బంద్ గదా లస్మన్నా. నీకెట్ల దొరికింది?"

లస్మయ్య గొంతు సవరించుకున్నాడు. "పొద్దుగాల... ఎనుక తలుపు కాడ. దూతలందరికి ఇచ్చిండ్రు."

భీమక్క బెల్లాన్ని చేత్తో ఎత్తి తూచి చూసింది.

"కిలో ఉన్నది," అంది. "అప్పటిది ముట్టింది. ఇగ దిగు, కండక్టరు చూస్తుండు."