మోగని బ్యాండుకు ముగ్గురు స్పాన్సర్లు

బ్యాండు అన్నాక వాయించి తీరాలని ఎవరన్నారండీ?

నేనైతే అనను. స్కూలు బ్యాండుకు కావలసింది సంగీతం కాదు, స్పాన్సర్లు! సంగీతం గాలిలో కలిసిపోతుంది. స్పాన్సరు పేరు అలా కాదు, ఉతికినా పోదు. రెండు నెలలు చెప్పులరిగేలా షాపుల చుట్టూ తిరిగాక నాకు బోధపడిన సత్యమిది. దాన్ని మీకు ఉచితంగా పంచిపెడుతున్నాను.

కథ ఒక చిరుగుతో మొదలైంది. మా చెల్లెలి కూతురు ఏడో క్లాసు చదువుతోంది. ఇంట్లో అందరం దాన్ని పిడుగు అంటాం. స్కూలు బ్యాండులో పెద్ద డ్రమ్ము దానిదే. ఆ డ్రమ్ముకు కర్ర దెబ్బ పడే వైపు తోలు జానెడు పొడవున చిరిగింది. పెద్ద డ్రమ్ము మోగకపోతే మిగతా ముప్ఫై మందికి అడుగు కలవదట. వార్షికోత్సవం లోపల కొత్త తోలు వేయిస్తే చాలన్నారు బ్యాండు మాస్టారు. అంతే, ఒక్క తోలు!

ఈలోగా పిడుగు వంటింట్లో ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి ప్రాక్టీసు మొదలుపెట్టింది. రెండు బకెట్లు పగిలాక చెల్లి నాకు ఫోను చేసింది.

"అన్నయ్యా, పత్రికల్లో రాస్తుంటావు, నలుగురూ తెలిసినవాళ్లే. ఆ తోలు సంగతేదో నువ్వే చూడరాదూ? ఇంట్లో ఇంకొక్క బకెట్టే ఉంది."

చూడొచ్చు. నా జేబులో నేను చెయ్యి పెట్టుకుంటే ఆ పూటకే పనైపోయేది. కానీ పాఠకులారా, ఆ పూటకే అయిపోయే పనిలో గౌరవం ఏముంది? అందుకని స్పాన్సర్ల కమిటీ వేశాను. కన్వీనరుగా ఉండమని నన్ను నేనే బతిమాలుకుని, కాసేపు బెట్టు చేసి, ఒప్పుకున్నాను.

మొదటి స్పాన్సరు పళ్ల డాక్టరు. ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, పన్ను పీకే లోపే విషయం చెప్పాను. మధ్యలో లేచి పోలేనని ఆయనకూ తెలుసు కాబట్టి షరతు అప్పుడే పెట్టాడు.

"తోలు ఇస్తే నా పేరెక్కడ కనబడుతుందండీ? టోపీలిస్తాను. నా క్లినిక్కు పేరున్న టోపీ పెట్టుకున్న ప్రతి పిల్లాడి పళ్లూ కనబడాలి. నవ్వుతూ నడవాలి!"

ట్రంపెట్టు ఊదుతూ పళ్లెలా చూపిస్తారని మాస్టారు అడిగారు. పాపం, పాతకాలం మనిషి. ఊదితే కదా ఇబ్బంది! ట్రంపెట్టు పెదాలకు బెత్తెడు దూరంలో పట్టుకుని, ముప్ఫై రెండూ బయటపెడితే సరిపోదూ? పిల్లలు వారం రోజులు నవ్వడం ప్రాక్టీసు చేశారు. బ్రష్షు చూస్తేనే పారిపోయే మా పిడుగు రెండు పూటలా పళ్లు తోముతోందని చెల్లి మురిసిపోయింది. సంగీతం వల్ల ఏ ఇంట్లోనైనా ఇంత మేలు జరిగిందా?

రెండో స్పాన్సరు డ్రైక్లీనింగ్ షాపావిడ. అందరికీ ఎర్ర కోట్లు కుట్టించింది. వీపు మీద షాపు పేరు, చెయ్యంత అక్షరాలతో. రిహార్సలు చూడ్డానికొచ్చిన రోజు, గేటు దగ్గర్నుంచి స్టేజీ వైపు బ్యాండు నడిచొస్తుంటే ఆవిడ మొహం మాడిపోయింది.

"నా పేరేదండీ?"

"వీపు మీదుందండీ."

"స్టేజీ మీదున్న చీఫ్ గెస్టుకు వీపెలా కనబడుతుంది? కోట్లు తీసుకెళ్లిపోమంటారా?"

ఆలోచించాను. కోట్లు విప్పి మళ్లీ కుట్టే టైము లేదు. పిల్లల్ని తిప్పడం తేలిక. అందుకని బ్యాండు వెనక్కి నడవాలని కమిటీ, అంటే నేను, ఏకగ్రీవంగా తీర్మానించింది. ముందుకు ఎవరైనా నడుస్తారు, అదేం విద్య? ఇక పళ్లు కనబడటం లేదని డాక్టరుగారు బాధపడకుండా ఆయన కుర్చీ గేటు దగ్గర వేయించాను. మాస్టారు ఆ రోజు నుంచీ నాతో మాట్లాడటం మానేశారు.

మూడోవాడు పరుపుల షాపు యజమాని. ఈయన ఏకంగా పెద్ద డ్రమ్మునే దత్తత తీసుకున్నాడు. నేను సంతోషం పట్టలేకపోయాను.

"అయితే తోలు వేయిస్తారన్నమాట!"

"తోలెందుకండీ? చిరుగు మీద గుండ్రటి స్టిక్కరు అంటిస్తాను, అదిరిపోతుంది. దాన్ని కర్రతో మాత్రం కొట్టకూడదు. చిరిగిపోదూ?"

స్టిక్కరు నిజంగానే బాగుంది. పరుపు మీద బొజ్జాయన ఒకడు గురకపెడుతుంటాడు. కింద 'మా పరుపు మీద పడుకుంటే ఏ చప్పుడూ వినపడదు' అని రాసుంది. అలాంటి డ్రమ్మును కొట్టడం ధర్మమేనా మీరే చెప్పండి!

పిడుగు డ్రమ్మును పైనుంచి కిందికి చూసింది.

"మామయ్యా, మరి నేనేం చెయ్యాలి?"

"మొయ్యి తల్లీ."

"మోసి?"

"స్టేజీ దాకా వెళ్లాక దించు."

అది ఇంటికెళ్లి మూడో బకెట్టు పగలగొట్టింది.

వార్షికోత్సవం రానే వచ్చింది. ఎవరూ వాయించరు కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ గారు స్పీకర్లో రికార్డు పెట్టించారు. ఎర్ర కోట్లు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బయలుదేరాయి. డాక్టరు పళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. డ్రైక్లీనింగ్ ఆవిడ తన పేరును తానే ఫోటోలు తీసుకుంటోంది. ఆనందంతో నా రొమ్ము పొంగింది.

వెనక్కి నడిచేవాళ్లకు నేల మీది వైరు కనబడదని నాకు తట్టలేదు. సగం దూరంలో ఎవరి కాలికో తగిలి ప్లగ్గు ఊడింది. పాట ఆగిపోయింది. ఒకడు ఆగాడు, వాడి మీద ఇంకొకడు పడ్డాడు. కంచు తాళాలు పట్టుకున్న పిల్ల కూలబడి ఏడుపు లంకించుకుంది. జనం నవ్వారు. పిడుగు నా వంక చూసింది. కొట్టొద్దని నేను చెయ్యి అడ్డంగా ఊపాను.

అది కొట్టింది!

బొజ్జాయన పొట్టలోంచి కర్ర లోపలికి దిగబడి అక్కడే ఇరుక్కుంది. "నా స్టిక్కరు!" అని పరుపులాయన కుర్చీ మీదికెక్కాడు. పిడుగు వినలేదు. రెండో కర్రతో డ్రమ్ము అంచు చెక్క మీద టక్, టక్, టక్ అని మొదలుపెట్టింది. పడ్డవాళ్లు లేచారు. ఎవరూ చెప్పకుండానే ముప్ఫై మందీ స్టేజీ వైపు తిరిగారు. నవ్వులు ఆపి ట్రంపెట్లు నోటికి ఆనించి ఊదారు. రెండు నెలలు ఊదలేదేమో, శృతి ఎక్కడో ఉంది. అడుగు మాత్రం కలిసింది. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అసలు మోగుతుందనే మరిచిపోయాను, ఆ బ్యాండు!

అయ్యాక పిడుగు స్టేజీ పైన కట్టిన బ్యానరు కింద నిలబడింది. దాతలకు కృతజ్ఞతలు చెప్పే బ్యానరది. ముగ్గురు స్పాన్సర్ల పేర్లూ ఉన్నాయి. వాటి పైన, అన్నింటికన్నా లావు అక్షరాలతో, కన్వీనరు పేరు. దాన్ని నేనే దగ్గరుండి వేయించాను, నా సొంత ఖర్చుతో.

"మామయ్యా, తోలు ఈ బ్యానరు కన్నా ఎక్కువవుతుందా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే వాయిద్యాల షాపుకెళ్లి తోలు కొన్నాను. షాపతను కుంచె తీసి, "దాత పేరేమని రాయమంటారండీ?" అన్నాడు. రెండు చేతులూ కట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, వద్దన్నాను.

ఇప్పుడు డ్రమ్ము రెండు వీధుల అవతలికి మోగుతోంది. మాస్టారు మళ్లీ నన్ను పలకరిస్తున్నారు. తోలు ఇచ్చిందెవరో స్కూల్లో ఒక్కరికీ తెలియదు. తెలియకూడదు కూడా! ఇచ్చింది చెప్పుకునే అలవాటు మా ఇంటావంటా లేదు. అందుకే ఎవరితోనూ అనకుండా, గుట్టుగా, పత్రికలో రాస్తున్నాను.